మూడు చక్రాల బండి

మా అమ్మాయికి ఏడో నెల రాగానే తోపుడుబండి కొనవలసి వచ్చింది. అప్పటిదాకా మా అమ్మ చంకే దానికి బండి. ఆరు నెలల గడువు ముగిసి ఆవిడ రాజమండ్రికి తిరుగు ప్రయాణమవుతుంటే గాని ఆ సంగతి మాకు తోచలేదు.

లండన్ దుకాణంలో నా చూపు మూడు చక్రాల బండి మీద నిలిచింది. గాలి టైర్లు, ముందు ఒంటి చక్రం. దాన్ని బిగిస్తే పరుగుకు, వదిలితే మలుపులకు. పార్కులో గడ్డి మీద, గతుకుల మీద అది సాగే తీరు ఊహించుకుని మురిసిపోయాను. అమ్మ దాన్ని పైకెత్తబోయి, ఎత్తలేక వదిలేసింది.

"నువ్వు పరుగెత్తి ఎన్నాళ్ళయిందిరా?" అంది.

మాది రెండో అంతస్తు, లిఫ్టు లేదు. పగటిపూట పాపనూ బండినీ మెట్లు దింపవలసింది మా ఆవిడ ఒక్కతే. నేను కొనబోతున్నది ఎవరి కోసమో అప్పుడు అర్థమయింది.

చివరికి గొడుగులా మడిచే తేలిక బండి తీసుకున్నాం. 1965లో దానికి రూపమిచ్చిన ఓవెన్ మెక్లారెన్, స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాల చక్రాల అమరికపై పనిచేసిన ఇంజనీరు. మనవరాలిని తిప్పే బండి బరువు చూసి ఈ ఆలోచన చేశాడట. ఎంతైనా తాతగారి బుద్ధి! చిన్న చక్రాలు గతుకుల్లో మొరాయిస్తాయి, నిజమే. కాని ఒంటిచేత్తో మోయవచ్చు.

విమానాశ్రయంలో పాపను నాకు అందిస్తూ అమ్మ అంది: "నీ చెక్క నడకబండి అటక మీదే ఉంది. మూడు చక్రాలూ బాగానే ఉన్నాయి. దీనికి అడుగులు వచ్చేలోగా ఒకసారి తీసుకురా."

మడిచిన బండి నా ముంజేతికి వేలాడుతోంది. పాప మాత్రం ఆవిడ కొంగు వదలలేదు.