పడవ వెనక పలక ఐదు అంగుళాలు లేపాలంటే



ఈసారి పంట ముచ్చట కాదు, పడవ ముచ్చట. మన దిక్కు పడవేందని నవ్వకండి. దేవాదుల నీళ్లు రాకముందు ఎండాకాలం మన చెరువులల్ల పోరగాళ్లు క్రికెట్ ఆడేటోళ్లు. ఇప్పుడు మన మండలంలనే అశ్వారావుపల్లి రిజర్వాయర్ ఉన్నది. 2015ల మొదలైన మిషన్ కాకతీయతోని చెరువుల పూడిక తీసిండ్రు. 2016ల సర్కారు ఉచితంగ చేపపిల్లలు పోసుడు మొదలుపెట్టింది. తెప్పల మీద వల వేసినోళ్లు ఇప్పుడు చిన్న అల్యూమినియం పడవల దిక్కు చూస్తున్నరు. ఊర్ల సగం మంది రైతులు, సంఘం సభ్యులు ఒక్కరే గదా, అందుకే ఇది రాస్తున్న.

మొన్న మాకు తెలిసిన సంఘపోళ్లు పాత పడవ ఒక తాన, పాత మోటారు ఇంకో తాన కొన్నరు. బిగించి చూస్తే ఫ్యాను నీళ్లల్ల మరీ లోతుకు దిగింది. “వెనక పలక మీద ఒక చెక్క కొట్టి మోటారును లేపితే అయిపాయె, డ్రిల్ మిషన్ తేవే అన్నా” అన్నరు. తెస్త గని ముందుగాల టేపు పట్టుండ్రి అన్న.

మోటారు బిగించే ఈ పలకను ట్రాన్సమ్ అంటరు. పలక పైఅంచు నడిమి నుంచి పడవ అడుగు దాక నిలువుగ కొలవాలె. మోటారునైతే పలక మీద కూసునే కొక్కెం నుంచి, ఫ్యాను పైన అడ్డంగ ఉండే రేకు దాక కొలవాలె. చిన్న మోటార్లు ఎక్కువగ రెండు రకాలు: 15 అంగుళాల పొట్టిది, 20 అంగుళాల పొడుగుది. వీళ్ల పలక 15, మోటారు 20. ఆ అడ్డం రేకు పడవ అడుగుకు దాదాపు సమానంగ ఉండాలె. బాగ కిందికుంటే పడవ బరువుగ నడుస్తది, పెట్రోలు తాగుతది, మునిగిన తుమ్మ మొద్దులకు తగుల్తది. మీదికుంటే ఫ్యాను గాలి గుంజుకుంటది, మోటారు అరుస్తది గని పడవ కదలదు.

ఇగ అసలు సంగతి. మత్తడి మీద ఇసుక బస్తాలు పేర్చి నీళ్లు ఎక్కువ ఆపితే ఏమైతదో మనకు తెల్వంది కాదు. నీళ్లు పెరుగుతయి గని కట్ట బలం పెరగదు. పలక లేపుడు కూడ గంతే. కింద ఫ్యాను ముందుకు నెడ్తుంటే, పైన మోటారు తల పలకను వెనక్కి గుంజుతది. గడ్డపారతోని బండను పెకిలించినట్టే. పైన అతికించిన ఐదు అంగుళాల ముక్క మీదనే ఆ గుంజుడంతా పడ్తది. అందుకే ముక్క అతికించొద్దు. పాత చెక్క తీసేసి, కింది నుంచి కొత్త ఎత్తు దాక ఒకటే పలక వెయ్యాలె. పలక నుంచి పడవ అడుగుకు ఏటవాలుగ ఒక ఊతం, రెండు మూలలకు రెండు పట్టీలు ఇయ్యాలె.

రెండోది, నడిమిట్ల ఒక్కటే లేపితే మోటారు లేస్తది గని పక్కలు పల్లంగనే ఉంటయి. చెరువు నీళ్లు కట్టల పల్లమున్న తాననే బయటికి పోతయి. పడవలకు నీళ్లు అట్లనే పల్లమున్న తాననే లోపలికి వస్తయి. మోటారు బరువు వెనకే, వల గుంజే ఇద్దరూ వెనకే ఉంటే అంచు నీళ్లకు దగ్గరైతది. జోరు మీదున్న పడవను ఒక్కసారి ఆపితే వెనక వచ్చే అల నేరుగ లోపటికి దుంకుతది. కాబట్టి పలకను ఈ మూల నుంచి ఆ మూల దాక లేపాలె.

సామాను ముచ్చట. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ తీసుకోండి. చెదలకు రాగి మందు పట్టించిన కట్టె వద్దు, అది అల్యూమినియాన్ని తింటది. బోల్టులు స్టెయిన్‌లెస్‌వే, ప్రతి బొక్కకు సీలెంట్ పెట్టాలె. ట్రాలీకి చేసే మామూలు వెల్డింగ్ దీనికి పనికిరాదు, ఆర్గాన్ వెల్డింగ్ చేసేటోళ్ల దగ్గరికే పోవాలె. మంట పెట్టే ముందు పెట్రోలు ట్యాంకు, లోపలి చెక్క, ఫోము తీసెయ్యాలె.

పదిరోజులు పడవ ఒడ్డుకే ఉండె. “చేపలు పట్టే కాలమంతా పాయె” అని సంఘంల గొణిగిండ్రు. వాళ్ల బాధ వట్టిది కాదు, ఆ పైసలు అప్పు తెచ్చినవి. కానీ ఒక్కటి యాది చేసుకోండి. 2023 జులై 27న మన పాత వరంగల్ జిల్లాలనే మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది. జనం ఇండ్ల మీదికెక్కితే హెలికాప్టర్లు, పడవలు వచ్చి కాపాడినయి. అసొంటి రోజు మన ఊరికి వస్తే, అందరు ఉరికేది సంఘం పడవ దగ్గరికే. పలక గట్టిదా కాదా అని పరీక్ష చేసే రోజు కాదది.

కొనక ముందైతే పని ఇంకా అల్క. టేపు జేబుల పెట్టుకొని పోండి, పలకకు సరిపోయే మోటారే తెచ్చుకోండి. పలక లేపక తప్పకపోతే, పని అయినంక ఒడ్డు పొంటి తక్కువ లోతుల, మనుషుల బదులు ఇసుక బస్తాలు వేసి నడిపి చూడండి. మోటారు ఆపే తాడు చేతికి కట్టుకోండి. ఈత వచ్చినా సరే, లైఫ్ జాకెట్ లేనిది ఎవ్వరినీ ఎక్కించుకోకండి.