బుఖారా నుండి సమర్‌ఖంద్ దాకా

అస్ర్ నమాజు తరువాత చిక్కడపల్లిలోని ఒక చిన్న మస్జిద్‌లో నేను పిల్లలకు ఖుర్ఆన్ పఠనం నేర్పేవాణ్ణి. కూరగాయల బండ్లవారి పిల్లలు, మెకానిక్కుల పిల్లలు పదిహేనుమంది వచ్చేవారు. 2018లో నారాయణగూడకు చెందిన ఒక సంపన్న గృహస్థు తన ఇద్దరు కుమారులకు ఇంటికి వచ్చి చదువు చెప్పమని కోరారు. వారికి వీలైన వేళ అదే. ప్రతిఫలం నా మదర్సా జీతమంత. అంగీకరించాను. మస్జిద్ పిల్లలను ఒక పెద్ద విద్యార్థికి అప్పగించాను. రెండు నెలలలో ఆ తరగతి చెదిరిపోయింది.

ఆ సొమ్ము కూడబెట్టి, 2019 అక్టోబరులో నేనూ నా భార్యా ఉజ్బెకిస్తాన్ వెళ్ళాము. ఇరవై ఏళ్ళుగా సహీహ్ బుఖారీ బోధిస్తున్న నాకు ఇమామ్ బుఖారీ (రహ్మలై) పుట్టిన నేలను చూడాలన్నది చిరకాల వాంఛ. ఐదు రోజులు, మూడు నగరాలు. తాష్కెంట్, సమర్‌ఖంద్, బుఖారాలను కలిపే అఫ్రాసియాబ్ అనే రైలు గంటకు 250 కిలోమీటర్ల వేగాన్ని అందుకోగలదు. ముందుగా బుఖారా చేరాము. 1127లో కట్టిన కల్యాన్ మినార్‌ను, దాని ఎదుట 16వ శతాబ్దపు మీర్ అరబ్ మదర్సాను చూశాము. అక్కడ నేటికీ విద్యార్థులు చదువుతున్నారు.

బుఖారా నుండి సమర్‌ఖంద్‌కు సుమారు గంటన్నర ప్రయాణం. రైలు కదలగానే నా భార్య అడిగింది: “ఏమండీ, ఇమామ్ గారు పుట్టింది బుఖారాలో కదా, సమాధి సమర్‌ఖంద్ దగ్గర ఎందుకుంది?”

విద్యార్థులకు ఎన్నోసార్లు చెప్పిన విషయమే. బుఖారా పాలకుడు ఖాలిద్ బిన్ అహ్మద్ తన భవనానికి వచ్చి తన పిల్లలకు హదీసు బోధించమని ఇమామ్ గారిని కోరాడని, విద్యను పాలకుల గుమ్మాలకు మోసుకురానని ఆయన నిరాకరించారని చరిత్రకారులు వ్రాశారు. పోనీ, తన పిల్లలకు విడిగా ఒక సభ ఏర్పాటు చేయమన్నాడు. కొందరిని వినరానీయక మరికొందరికి బోధించడానికీ ఆయన ఒప్పుకోలేదు. ఫలితంగా స్వస్థలం విడిచిపెట్టవలసి వచ్చింది. హిజ్రీ 256లో, ఈదుల్ ఫిత్ర్ రాత్రి, సమర్‌ఖంద్ సమీపంలోని ఖర్తంక్ గ్రామంలో కన్నుమూశారు.

చెబుతూ చెబుతూ నా గొంతు తగ్గింది. ఆమె కిటికీ వైపు చూస్తూ, “మన మస్జిద్ పిల్లలు ఇప్పుడెక్కడ చదువుతున్నారో!” అన్నది. అంతే. ఆ రైలు ఎంత వేగంగా వెళ్ళినా ఆ గంటన్నర నాకు తెమలలేదు.

మరునాడు ఖర్తంక్‌లో సమాధి వద్ద సలాం చెప్పి, ఇమామ్ గారి కొరకూ నా క్షమాపణ కొరకూ అల్లాహ్‌ను వేడుకున్నాను. ఇళ్ళకు వెళ్ళి చదువు చెప్పడం పాపం కాదు. ధర్మబద్ధమైన ప్రతిఫలాన్ని తప్పుపట్టేవాణ్ణీ కాను. ఇద్దరి కొరకు పదిహేనుమందిని లేపివేయడమే నా తప్పు.

తిరిగి వచ్చాక ఆ గృహస్థుతో, “పిల్లలను మస్జిద్‌కు పంపండి, అందరితో పాటు చెబుతాను” అన్నాను. ఆయన నొచ్చుకున్నారు. మూడు వారాల తరువాత చిన్నబ్బాయిని స్వయంగా తీసుకువచ్చి చాప మీద కూర్చోబెట్టారు. పెద్దవాడు రాలేదు. అశోక్‌నగర్‌లోని మా ఇంటి నుండి బయలుదేరి, పాత పిల్లల గుమ్మాలన్నీ నేనే తిరిగాను. తొమ్మిదిమంది మళ్ళీ వచ్చారు. కరోనా కాలంలో ఆగినా, ఆ తరగతి నేటికీ నడుస్తున్నది.

రాని ఆరుగురిలో ఒకడు అప్పటికే షెడ్డులో పనికి కుదిరాడు. ఆ ఆరుగురి లెక్క నేను నా ప్రభువు ఎదుట చెప్పుకోవలసి ఉన్నది. అల్లాహ్ నన్ను క్షమించుగాక! ఆమీన్.