మా నాయన కుట్టు

పోయిన వారం మా వాడ శ్మశానం స్థలం గురించి రాస్తానన్నాను. అది ఇంకో వారం ఆగుతుంది. ఈసారి రాకెట్ గురించి రాయాలి. నవ్వకండి.

మా అక్క కూతురు ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతోంది. వాళ్ళ కాలేజీలో తొమ్మిది మంది కలిసి పోటీకి ఒక రాకెట్ చేసినారు. దీపావళి రాకెట్ కాదు. ఆరడుగుల ఫైబర్ గొట్టం, ఆరు కిలోల బరువు. మోటార్ మొత్తం తోపుడు శక్తి 160 న్యూటన్ సెకండ్లు దాటితే దాన్ని హై పవర్ అంటారట, వీళ్ళది అంతకు చాలా ఎక్కువ. ఆ మోటార్ అంగట్లో దొరికేది కాదు. పోటీ పెట్టినవాళ్ళే అనుమతులు తెచ్చి, వాళ్ళ కళ్ళముందే బిగించనిస్తారు.

పైకి పోయేదానికంటే కిందికి వచ్చేదే కష్టం మామా అనింది పాప. పైకి పోయేదానికి లెక్క ఉంది. బరువు కేంద్రం ముక్కు వైపు, గాలి ఒత్తిడి కేంద్రం రెక్కల వైపు ఉండాలి, రెండింటి మధ్య కనీసం గొట్టం వెడల్పంత ఎడం ఉండాలి. లేకుంటే గాల్లోనే పల్టీ కొడుతుంది. ఆ లెక్క కంప్యూటర్ చేసి పెడుతుంది. కిందికి వచ్చేటప్పుడు శిఖరం దగ్గర చిటికెడు మందు పేలాలి, రాకెట్ రెండు ముక్కలుగా విడిపోవాలి, పారాచూట్ బయటపడాలి. ఆ రెండు ముక్కల్ని, పారాచూట్‌ని కలిపి పట్టుకునేది ఒక్క నైలాన్ పట్టీ. అది తెగితే విడిపోయిన ముక్క బల్లెం లాగా నేలకు దిగుతుంది. ఆ పట్టీ పని మా పాపకు ఇచ్చినారు. ఎవరికీ పట్టని పని కాబట్టి ఇచ్చినారని నా అనుమానం.

నేల మీద మందు పేల్చి చూస్తే పట్టీ కొసన మడత కుట్టు ఊడిపోయింది. టైలర్ మిషన్ మీద వేయించిన కుట్టు అది. ఇంకా లావు దారంతో వేయించినారు. మళ్ళీ ఊడింది. ఆదివారం ఆ పట్టీ సంచిలో వేసుకుని చంద్రగిరికి వచ్చింది.

మా నాయనకు డెబ్భై ఎనిమిదేళ్ళు. చుట్టుపక్కల పల్లెలకంతా చెప్పులు కుట్టినాడు. కపిల బావులున్న కాలంలో రైతులకు తోలు తొండాలు కుట్టినాడు. కరెంటు మోటార్లు వచ్చి కపిలలు పోయినాక ఆ పనిముట్లు అటక మీదికి ఎక్కినాయి.

పట్టీ చూసి, "మిషన్ కుట్టు మే ఇది. ఒక పోగు తెగితే వరసంతా జారిపోతాది" అన్నాడు. "ఎంత గుంజుతాది?"

"నూటాయాభై కిలోలు తాతా, ఒక్క క్షణం."

"కపిలెద్దులు గుంజేంత కూడా లేదే!"

ఆరె దించమన్నాడు. నైలాన్ పోగులు తెగకుండా పక్కకు జరగాలని దాని మొన కాస్త మొద్దు చేసినాడు. దారానికి తేనెమైనం పట్టించినాడు. ఒకే దారం, రెండు కొసలకూ రెండు సూదులు. ప్రతి బొక్కలోనూ ఇటునుంచి ఒకటి, అటునుంచి ఒకటి దూరాలి. మిషన్ కుట్టులో పైదారం, కిందిదారం ఒకదాన్నొకటి కొక్కెం వేసుకుని ఉంటాయి, ఒకటి పోతే రెండోదానికి పట్టు ఉండదు. ఈ కుట్టులో ఒక పక్క తెగినా రెండో పక్క ఆ బొక్కను వదలదు. రాత్రి పదకొండు దాకా పాప చేత కుట్టించినాడు. సగం విప్పించి మళ్ళీ కుట్టించినాడు. తర్వాత మూడుసార్లు పేల్చి చూసినారు. పట్టీ కదల్లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా ఊరి కోట 1782లో హైదర్ అలీ చేతికి వచ్చింది, 1792 దాకా మైసూరు కిందే ఉంది. హైదర్ చనిపోయింది కూడా చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట దండులోనే. ఆ మైసూరు సైన్యం రాకెట్లు 1780లో పొల్లిలూరులో కుంపిణీ సైన్యాన్ని చీల్చినాయి. ఇనుప గొట్టం కాబట్టి మందు ఎక్కువ ఒత్తిడికి తట్టుకునింది, దూరం పోయింది. వాటిని చూసే ఇంగ్లాండులో కాంగ్రీవ్ తన రాకెట్లు చేసినాడు. అందరూ ఇనుము గురించే రాస్తారు. ఆ గొట్టాన్ని వెదురు బొంగుకో కత్తి అలుగుకో కట్టింది తోలు వారుతో. ఆ తోలు ఊనినవాళ్ళు, వారు కోసినవాళ్ళు ఎవరై ఉంటారు? చరిత్రలో పేర్లు లేవు. నేను ఊహించుకోగలను, మీరూ ఊహించుకోగలరు.

పోటీ పక్క రాష్ట్రంలో. బయల్దేరే రోజు రాకెట్‌కు పసుపు కుంకుమ పెట్టి టెంకాయ కొట్టినారు. పాప అక్కడే ఉంది. వ్యాను ఎక్కేటప్పుడు ఎనిమిది సీట్లే ఉన్నాయన్నారు. "రికవరీ పని అయిపోయింది కదా, నువ్వు రాకపోయినా పర్వాలేదు" అన్నారు. ఎవరూ తిట్టలేదు. కులం మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు పని సులభమయ్యేది, ఒక ఫిర్యాదు రాసేవాణ్ణి.

పోటీలో జడ్జి ఆ పట్టీ పట్టుకుని, ఈ కుట్టుకు రెండు సూదులెందుకని అడిగినాడంట. ఎనిమిది మందిలో ఎవరికీ తెలీదు. ఫోన్ చేసినారు. పాప హాస్టల్ మెట్ల మీద కూర్చుని జవాబు చెప్పింది, వాళ్ళు స్పీకర్‌లో పెట్టి వినిపించినారు. రాకెట్ లేచింది, విడిపోయింది, పారాచూట్ విచ్చుకుంది, నిదానంగా దిగింది. వీడియో నేనే పదిసార్లు చూసినాను. కింద ఎనిమిది పేర్లు. రిపోర్టులో పట్టీ పక్కన "బయటి పని, లోకల్ వెండార్" అని ఉంది.

మా నాయన వెండారంట!

టీం వదిలేస్తా మామా అనింది. మన జిల్లాలోనే, శ్రీహరికోటలో, 2022 ఆగస్టు 7న 75 సర్కారు బడుల నుంచి 750 మంది ఆడపిల్లలు చేసిన ఆజాదీశాట్ ఎగిరింది. రాకెట్ సరైన కక్ష్యలో పెట్టలేక అది పోయింది. వాళ్ళ రెండో ఉపగ్రహం 2023 ఫిబ్రవరి 10న కక్ష్యకు చేరింది. ఇది చెప్పినాను. "వాళ్ళది రాకెట్ తప్పు మామా, ఇది వేరే" అనింది. నిజమే, నా దగ్గర జవాబు లేదు. ఆ శ్రీహరికోట దీవి నుంచి రాకెట్ కేంద్రం కోసం కదిలించిన యానాది జనం గుర్తొచ్చి, ఇంక ఆ ఉదాహరణ పొడిగించలేదు.

మా నాయన మాత్రం ఒకటే అడిగినాడు. "పట్టీ తెగిందా?"

"లేదు తాతా."

తెచ్చి చూపించమన్నాడు. వేళ్ళతో తడిమి, "పై వరసలో మూడో కుట్టు వదులైంది. అది నువ్వేసిందే" అన్నాడు. పాప ఆ వారంలో నవ్వింది అప్పుడే.

టీం వదల్లేదు. వచ్చే పోటీకి కొత్త రిపోర్టు మొదలైంది. నిన్న రాత్రి రికవరీ పేజీలో తన పేరు, వాళ్ళ తాత పేరు తానే టైప్ చేసి గ్రూపులో పెట్టింది. ఈ పేర్లు ఉంటేనే ఈసారి దారం ఎక్కిస్తానని కింద రాసింది.

ఎనిమిది మందీ చూసినట్టు నీలం టిక్కులు పడినాయి. ఇది రాసే సమయానికి ఎవరూ జవాబు ఇవ్వలేదు.