ముసలి జట్టు, కొత్త పాట

కర్నూలు–కడప రోడ్డు మీది లారీల హారన్ల మధ్య, చాగలమర్రిలో కూర్చుని రోలింగ్ స్టోన్స్ పాటలు వినేవాడికి ఒక సౌకర్యం ఉంది. మాటలు సగం అర్థం కావు కాబట్టి చెవి నేరుగా వాయిద్యాల మీదికి పోతుంది.

2023 అక్టోబరులో ఆ జట్టు ‘హ్యాక్నీ డైమండ్స్’ అని ఆల్బమ్ తెచ్చింది. సొంతంగా కట్టిన కొత్త పాటలతో ఆల్బమ్ రావడం 2005 తర్వాత అదే. పాడే మిక్ జాగర్‌కు అప్పటికి 80 నిండాయి. గిటారు వాయించే కీత్ రిచర్డ్స్‌కు ఇంకో రెండు నెలలు తక్కువ. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బళ్లో చదివి విడిపోయారు. 1961లో డార్ట్‌ఫర్డ్ రైల్వేస్టేషన్‌లో మళ్లీ ఎదురుపడితే జాగర్ చేతిలో చక్ బెర్రీ, మడ్డీ వాటర్స్ రికార్డులున్నాయి. ఇక రిచర్డ్స్ వదల్లేదు. 1980లలో బాగా చెడింది కూడా. అయినా జట్టు నిలిచింది.

ఈ వయసులో కొత్త పాటలెందుకు, ఉన్నవి పాడుకుంటే పోలేదా? ఈ ప్రశ్న మా చెక్కభజన వాళ్లనూ అడుగుతుంటారు. కాళ్లకు గజ్జెలు, ఒక్క చేతిలోనే రెండు చెక్కలు. గురువు చరణం ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. కథ రాముడిది, వరుస సినిమాది. శ్రీరామనవమి వస్తోందంటే కొత్త పాట కావాల్సిందే. పాత పాటకైతే ఎవరి కాలు వాళ్లది దానంతటదే పోతుంది. కొత్తదైతే నేర్చుకోవాలి, అందుకు రాత్రిళ్లు గుడి ముందర చేరాలి, చేరితే తిట్టుకోవాలి. “యాడ చూస్తాండావురా, ఎడమకాలు!” అని డెబ్బయ్యేళ్ల మనిషిని గదమాయించగలిగేది ఇంకో డెబ్బయ్యేళ్ల మనిషే. ఇంట్లో కోడళ్లు ‘మామా’ అని మెల్లగా మాట్లాడతారు. ఆ మర్యాద నుంచి కాసేపు తప్పించుకోవాలంటే కొత్త పాట ఒక్కటే దారి.

ఒళ్లు సహకరించదన్నది నిజమే. రిచర్డ్స్ వేళ్ల కణుపులు కీళ్లవాతంతో బొడిపెలు కట్టాయి. దాంతో వాయించే తీరే మారిందని ఆయనే చెప్పాడు. ఎప్పటినుంచో ఆరో తీగ తీసేసి ఐదింటితో వాయించే మనిషికి, తగ్గించుకోవడం కొత్త విద్యేమీ కాదు. మావాళ్లు ఎగిరి వేసే అడుగులు మానేశారు. మోకాళ్లు అందుకునే దాకా గురువు చెక్కను రవ్వంత ఆపి కొడతాడు. నా చెవికి ఇప్పటి నడకే బాగుంది.

డ్రమ్ములు వాయించే చార్లీ వాట్స్ 2021 ఆగస్టులో పోయాడు. మామూలుగా జట్టంతా డ్రమ్ములను పట్టుకుని నడుస్తుంది. వీళ్లలో చార్లీ గిటారును చూసి నడిచేవాడు. అందుకే ఆ దరువు పడబోయి నిలదొక్కుకున్నట్టు ఉంటుంది. ముందే రికార్డు చేసినందువల్ల కొత్త ఆల్బమ్‌లో రెండు పాటల్లో ఆయన వాయింపు మిగిలింది. డ్రమ్ములున్న మిగతావాటికి ఆయన మెచ్చిన స్టీవ్ జోర్డాన్. గట్టివాడు, ఎక్కడా తప్పడు. నాకున్న ఫిర్యాదు కూడా అదే. మా జట్టులోనూ పోయినాయన చోట కొడుకును నిలబెట్టారు, ఎదురెదురుగా నిలిచినప్పుడు జత కుదరాలి కదా. అతను అడుగు తప్పితే ముసలాళ్లు తిట్టరు, “పర్వాలేదు నాయనా” అంటారు.

నన్నడిగితే ఆల్బమ్‌లో సగం పాటలు లేకపోయినా నష్టం లేదు. చివరిదొక్కటి చాలు. మడ్డీ వాటర్స్ 1950 నాటి పాట, జట్టు పేరు దాన్నుంచే వచ్చింది. అందులో ఉన్నది జాగర్, రిచర్డ్స్ ఇద్దరే. ఒకరి గొంతు, నోటి హార్మోనికా, ఇంకొకరి గిటారు.

ఈ ఏడు మావాళ్ల తగువంతా వరుస దగ్గరే. కుర్రాడు ఫోనులో కొత్త సినిమా పాట వినిపిస్తే దానికి చెక్క పడదన్నాడు గురువు. ఘంటసాలది తీసుకుందామని ఒకాయన, అది ఎప్పుడో వాడేశామని ఇంకొకాయన. వరుస తేలకుండానే పల్లవి మాత్రం రాసేశారు.