వైరస్‌తో కాపురం

"విండోస్ వాడటమెందుకు, వైరస్ వచ్చిందని ఏడవడమెందుకు? హాయిగా లినక్స్ వేసుకోవచ్చుగా!"

బీటెక్‌లో ఉండగా ఈ మాట నేను కనీసం ఓ వందసార్లు అనుంటాను. హాస్టల్లో అన్నాను, పిన్నిగారింట్లో అన్నాను, ఒకసారి రైల్లో ఎదురు సీటాయన ల్యాప్‌టాప్ చూసి అడక్కుండానే అన్నాను. ఇప్పుడు అనడం మానేశాను. అలాగని లినక్స్ మీద ప్రేమ తగ్గలేదు, ఇది రాస్తున్నదీ దాని మీదే. ఎందుకు మానేశానో చెప్పాలంటే ముందు మా నాన్న షాపు గురించి చెప్పాలి.

మాది తణుకు. అక్కడ మా నాన్నకి చిన్న డీటీపీ షాపు ఉంది. పెళ్ళి శుభలేఖలు, కరపత్రాలు, గృహప్రవేశం కార్డులు, దినకర్మ కార్డులు, ఎన్నికలప్పుడు మేనిఫెస్టోలు... ఊళ్ళో మంచీ చెడూ అన్నీ ఆ కంప్యూటర్ మీదుగానే వెళ్తాయి. తెలుగు డీటీపీ అంటే ఏముంటుందో మీకు తెలుసుగా, పేజ్‌మేకరూ అను ఫాంట్లూ. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. తర్వాత అడోబీ దాన్ని వదిలేసి ఇన్‌డిజైన్ వైపు వెళ్ళిపోయింది, మా నాన్న లాంటివాళ్ళు మాత్రం అక్కడే ఆగిపోయారు. ఆ పాత అను ఫాంట్లు యూనికోడ్ కావు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చి పెట్టినవి. ఆ ఫాంట్ లేని సిస్టంలో ఫైలు తెరిస్తే పెళ్ళికూతురు పేరు బదులు పిచ్చిగీతలు కనపడతాయి.

ఇక షాపుకి రోజూ పాతిక పెన్‌డ్రైవులు వస్తాయి. ఒక్కోటీ ఎన్ని ఊళ్ళు తిరిగొస్తుందో దేవుడికే తెలియాలి. మీలో చాలామందికి షార్ట్‌కట్ వైరస్ గుర్తుండే ఉంటుంది. ఫోల్డర్లన్నీ మాయమై వాటి చోట షార్ట్‌కట్లు కూర్చుంటాయి. నొక్కితే ఫోల్డర్ తెరుచుకున్నట్టే ఉంటుంది, లోపల వైరస్ కూడా నడుస్తుంది. నిజానికి ఫైళ్ళెక్కడికీ పోవు, దాక్కుంటాయంతే. వాటిని బయటికి రప్పించే 'అట్రిబ్' కమాండుని షాపులో కుర్రాడు స్కెచ్ పెన్నుతో అట్టముక్క మీద రాసి మానిటర్ పక్కన అతికించాడు. ఆ కమాండ్ ఏం చేస్తుందో వాడికీ తెలీదు, మా నాన్నకీ తెలీదు. కానీ గాయత్రీ మంత్రంలా రోజుకి పదిసార్లు కొట్టేవాళ్ళు!

నాకు ఇదంతా చూస్తే ఒళ్ళు మండేది.

2016 సంక్రాంతి సెలవలకి ఉబుంటు 14.04 డీవీడీ పట్టుకుని ఇంటికెళ్ళాను. పుష్యమాసం, ముహూర్తాలు లేవు, షాపు ఖాళీ. కనుమ నాడు నాన్న భోంచేసి పడుకున్నప్పుడు మొత్తం డిస్కు బ్యాకప్ తీసి ఉబుంటు ఎక్కించేశాను. వైన్ అనే సాఫ్ట్‌వేర్‌తో పేజ్‌మేకర్ కూడా తెరిచి చూపించాను. నాన్న చూసి "బానే ఉందిరా" అన్నాడు. నేనేదో సముద్రం దాటొచ్చిన హనుమంతుడిలా ఫీలైపోయాను.

మర్నాడు పొద్దున్నే మాఘమాసం పెళ్ళివాళ్ళు దిగారు. నాన్న కుర్చీలో కూర్చుని టైపు చెయ్యడం మొదలెట్టాడు. తెర మీద ఒక్క తెలుగక్షరం పడలేదు. పేజ్‌మేకర్ తెరుచుకుంది గానీ, ఇంగ్లీషు కీబోర్డుని తెలుగు కీబోర్డుగా మార్చే ప్రోగ్రాం విండోస్ కోసం రాసింది, అది వైన్‌లో కుదరలేదు. అది చూసుకోకపోవడం నా తప్పే. నేను గొప్పగా "ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకో నాన్నా, యూనికోడ్, వారంలో వచ్చేస్తుంది" అన్నాను.

నాన్న కీబోర్డు వంక చూడకుండా నిమిషానికి ఎన్ని పదాలు కొడతాడో నేను చిన్నప్పట్నుంచీ చూస్తూనే ఉన్నాను. యాపిల్ లేఅవుట్ ఆయన వేళ్ళల్లో ఉంది. చుట్టుపక్కల షాపులవాళ్ళు కూడా "గురువుగారూ, ఈ ఒత్తు ఎలా తేవాలి?" అని వచ్చి అడిగేవాళ్ళు. అలాంటి మనిషి ఆ రోజు పెళ్ళివాళ్ళ ఎదురుగా ఒక్కో అక్షరం వెతుక్కుంటూ పదినిమిషాల్లో 'శ్రీరస్తు శుభమస్తు' కూడా పూర్తి చెయ్యలేకపోయాడు. పెళ్ళికొడుకు మేనమామ గడియారం చూసుకుని "సాయంత్రం వస్తాంలెండి" అని లేచాడు. మళ్ళీ రాలేదు.

నాన్న నన్ను ఏమీ అన్లేదు. ఫార్మాట్లు కొట్టే కుర్రాడికి ఫోన్ చేశాడు. వాడొచ్చి మూడొందలు తీసుకుని, మధ్యాహ్నానికల్లా మళ్ళీ విండోస్, పేజ్‌మేకర్, అను అన్నీ ఎక్కించి వెళ్ళాడు. మూడో పెన్‌డ్రైవ్‌కే షార్ట్‌కట్ వైరస్ తిరిగొచ్చింది. నాన్న తెర చూసి నవ్వి "వచ్చాడ్రా మనవాడు" అన్నాడు. ఆ నవ్వులో ఉన్న రిలీఫ్ నాకప్పుడు అర్థం కాలేదు. మూర్ఖత్వం అనుకున్నాను.

సరే, అసలు విషయానికొస్తాను. జనం వైరస్‌ని ఎందుకు భరిస్తారు అంటే మనం మామూలుగా చెప్పే జవాబులు రెండు: తెలీక, లేదా బద్ధకం. రెండూ సగమే నిజం. 2017 మే 12న వన్నాక్రై వచ్చింది. దాన్ని ఆపే ప్యాచ్ మైక్రోసాఫ్ట్ రెణ్ణెల్ల ముందే, మార్చిలోనే ఇచ్చింది. అయినా ప్రపంచమంతా మునిగింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. మందు ఉండి కూడా వేసుకోకపోవడానికి కారణాలుంటాయి. మా షాపులో కారణం చాలా సింపుల్. విండోస్ క్రాక్ కాపీ. అప్‌డేట్ చేస్తే 'ఇది అసలుది కాదు' అని తెర నల్లబడుతుందని భయం. అందుకని సిస్టం ఎక్కించిన కుర్రాడే మొదటి పనిగా అప్‌డేట్లు ఆపేసి వెళ్ళేవాడు. పైగా అప్పట్లో నెట్ డాంగిల్‌లో ఎంబీలు లెక్కపెట్టుకునే రోజులు. ఎవరి లెక్క వాళ్ళకుంది, మనకి కనపడదంతే.

నాన్న లెక్క ఇదీ. వైరస్ రోజుకి అరగంట తింటుంది. ఆరు నెలలకోసారి మూడొందలు తింటుంది. అదెప్పుడొస్తుందో, వస్తే ఏం చెయ్యాలో, ఎవరికి ఫోన్ చెయ్యాలో అన్నీ తెలుసు. అది కరెంటు బిల్లులాంటిది. నేను తెచ్చిన ఉబుంటు డబ్బేమీ అడగలేదు గానీ, ఇరవై ఏళ్ళుగా ఆయన వేళ్ళల్లో ఉన్న విద్యని ఒక్క పూటలో లాగేసుకుంది. వైరస్ ఫోల్డర్లు దాచింది. నేను మనిషి పనితనాన్నే దాచేశాను! ఆయన గురువుగారు కాస్తా కొడుకు ముందు కొత్తగా చేరిన కుర్రాడైపోయాడు. యాభై దాటిన మనిషి దానికి ఎందుకు ఒప్పుకోవాలి?

ఇది నాకు వెంటనే తట్టలేదు. తట్టడానికి 2019 దాకా పట్టింది.

అప్పటికి నాకు హైదరాబాద్‌లో ఉద్యోగం. జూన్‌లో ఓ సాయంత్రం నాన్న ఫోన్. అదీ ఇదీ మాట్లాడి, చివర్లో "ఫైళ్ళ పేర్ల వెనకాల ఏదో తోక వచ్చిందిరా, ఒక్కటీ తెరుచుకోవట్లేదు" అన్నాడు. ఎప్పట్నుంచి అనడిగితే "మొన్నట్నుంచి" అన్నాడు. షాపులో కుర్రాడు ఫోటోల సాఫ్ట్‌వేర్‌కి క్రాక్ దింపాడు, దాంతోపాటు ర్యాన్సమ్‌వేర్ దిగింది. స్టాప్ అని, ఆ ఏడాది క్రాకుల ద్వారా విపరీతంగా పాకిన రకం. డెస్క్‌టాప్ మీద ఉత్తరం: 980 డాలర్లు కట్టండి, 72 గంటల్లోగా మమ్మల్ని సంప్రదిస్తే సగం ధర, 490. ఆషాఢం తగ్గింపు ధరల్లాగా!

పదమూడేళ్ళ ఫైళ్ళు. ఊళ్ళో సగం పెళ్ళిళ్ళ శుభలేఖలు. "మూడ్రోజులు ఎందుకు చెప్పలేదు నాన్నా?" అని అరిచాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నాడు, "చెబితే 'నేను ముందే చెప్పానుగా' అంటావని."

ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. వైరస్ వస్తే కొడుక్కి చెప్పుకోవడానికి సిగ్గుపడే పరిస్థితి తెచ్చింది వైరస్ కాదు, నేనే. తిట్టే డాక్టరు దగ్గరికి పేషెంటు ఆలస్యంగా వెళ్తాడు. మనం కంప్యూటర్ డాక్టర్లం కూడా అంతే.

డబ్బు కట్టలేదు. డిస్కు పీకి దాచమన్నాను. ఆ అక్టోబరులో ఎమ్సిసాఫ్ట్ అనే కంపెనీ ఆ వైరస్ పాత రకాలకి ఉచితంగా విరుగుడు ఇచ్చింది. దానికి ఒకే ఫైలు రెండు కాపీలు కావాలి, తాళం పడ్డదొకటి, పడనిదొకటి. నాన్న ప్రెస్సుకి మెయిల్ చేసిన పాత శుభలేఖలు మెయిల్లో ఉండబట్టి అవి దొరికాయి. పేజ్‌మేకర్ ఫైళ్ళు చాలావరకు వచ్చేశాయి. ఫోటోలు సగం పోయాయి. ఆగస్టు తర్వాత వచ్చిన కొత్త రకమైతే ఈ పద్ధతి పనిచేసేది కాదు. అదృష్టం, అంతకుమించి ఏం లేదు.

మరి మారడం అసాధ్యమా? కాదు. కేరళలో ప్రభుత్వ పాఠశాలల కంప్యూటర్ చదువు ఏళ్ళ తరబడి లినక్స్ మీదే నడుస్తోంది. అక్కడ ఎవరో ఒక మాస్టారుని ఒంటరిగా నెట్టలేదు. టీచర్లకి ట్రైనింగ్, దానికి తగ్గ పాఠ్యపుస్తకం, పాడైతే బాగుచేసే మనిషి, అన్నీ కలిసి వచ్చాయి. అందరూ ఒకేసారి కొత్తవాళ్ళయితే ఎవరికీ నామోషీ ఉండదు. మ్యూనిక్ నగరపాలక సంస్థ కూడా 2003లో నిర్ణయించుకుని, 2013 నాటికి 15 వేల దాకా కంప్యూటర్లు లినక్స్‌కి మార్చింది. అంత చేసీ 2017లో మళ్ళీ విండోస్‌కి వెళ్దామని ఓటేసింది. మొదలుపెట్టడం కంటే నిలబడటం కష్టం.

'లినక్స్‌కి వైరస్ రాదు' అని కూడా నేనిప్పుడు అనను. 2016లో మిరాయ్ వచ్చినప్పుడు అది పట్టింది లినక్స్ మీద నడిచే కెమెరాల్నీ రౌటర్లనీ. యజమానులకి పాస్‌వర్డ్ మార్చాలని కూడా తెలీదు.

ఇంతకీ మనమేమన్నా తక్కువ తిన్నామా? 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే బెడద వచ్చినప్పుడు మా ఆఫీసులో రాత్రంతా కూర్చుని వెతికితే, 2015లోనే సపోర్ట్ ఆగిపోయిన పాత లాగ్‌ఫోర్‌జే 1 దొరికింది. "దీన్ని ఎందుకు మార్చలేదు?" అని మేనేజర్ అడిగితే నా నోట్లోంచి వచ్చిన జవాబు, "పనిచేస్తోంది కదండీ, కదిపితే ఏమవుతుందోనని." అచ్చం మా నాన్న మాట! ఇక్కడ మాకు అట్టముక్క లేదు, వికీ పేజీ ఉంది. అంతే తేడా.

ఇప్పుడు మా షాపు ఎలా ఉందో చెప్పి ముగిస్తాను. పేజ్‌మేకర్ సిస్టం ఇప్పటికీ విండోసే, విండోస్ 7. దాని సపోర్ట్ 2020 జనవరిలోనే ఆగిపోయింది. అందుకే దానికి నెట్ కనెక్షన్ తీసేశాను, పెన్‌డ్రైవ్ పెట్టే రంధ్రాలు మూసేశాను. పక్కనే మూలన పడున్న పాత కంప్యూటర్‌కి లినక్స్ వేశాను. వచ్చిన పెన్‌డ్రైవ్ ఏదైనా ముందు అందులోనే పెట్టాలి. అక్కడ షార్ట్‌కట్ వైరస్ నడవదు, దాచిన ఫోల్డర్లు దాచకుండా మామూలుగా కనపడతాయి. కావలసిన ఫైలు మాత్రమే చిన్న కేబుల్ మీదుగా ఇవతలికొస్తుంది. రాత్రి షట్టర్ దించే ముందు బ్యాకప్ డిస్కులోకి కాపీ, కాపీ కాగానే డిస్కు పీకి బీరువాలో. నాన్న వేళ్ళకి కొత్తగా నేర్చుకోవలసిందేమీ లేదు.

ఈసారి అడక్కుండా ఏదీ ఎక్కించలేదు. రెండ్రోజులు కుర్చీ పక్కన స్టూలేసుకుని ఆయన పని చూశాకే మొదలెట్టాను. ఆ లినక్స్ డబ్బాకి నాన్నే పేరు పెట్టాడు, "చెప్పులు విడిచే చోటు" అని. పోయిన నెల ఫోన్ చేసి, పక్క షాపాయనకి కూడా అలాంటిదొకటి కావాలట, ఎలా చెయ్యాలో చెప్పమన్నాడు.

"నేనొచ్చి చేస్తాలే నాన్నా" అన్నాను.

"నువ్వు రాకు. నాకు చెప్పు, నేను చేస్తా" అన్నాడు.