వెలుగు ఊపితే సాగే రాయి

వదినా, చేతిలో పని కాస్త ఆపి ఇటు రండి. మీ గ్యాస్ లైటర్ నొక్కగానే నిప్పురవ్వ వస్తుందా, దాంట్లో బ్యాటరీ ఉండదండీ! ఒక చిన్న స్ఫటికపు దిమ్మ ఉంటుంది. మీట నొక్కితే లోపలి సుత్తి దాన్ని ఠప్పున కొడుతుంది, కరెంటు పుడుతుంది. కొన్ని స్ఫటికాలకున్న ఈ గుణాన్ని 1880లో పారిస్‌లో క్యూరీ అన్నదమ్ములు, జాక్, పియరీ బయటపెట్టారు. మరుసటి ఏడు తిరగేసి కూడా చూశారు. కరెంటు పెడితే స్ఫటికమే రవ్వంత సాగింది.

వెలుగులోనూ విద్యుత్ క్షేత్రం ఉంటుంది కదా, మరి ఎండలో పెట్టిన రాయి అలా సాగదేం అంటారా? కంటికి కనిపించే వెలుగు సెకనుకు 400 లక్షల కోట్ల సార్లకు పైగా ఊగుతుంది. బరువైన పరమాణువులు ఆ జోరు అందుకోలేవు. వాటి సొంత ఊపు సెకనుకు కొన్ని లక్షల కోట్లు, మహా అయితే కొన్ని పదుల లక్షల కోట్లు. లక్ష కోట్ల ఊపులంటే ఒక టెరాహెర్ట్జ్. వెలుగూ అదే లయలో వచ్చిందనుకోండి, ధనావేశమున్న పరమాణువులు ఒకవైపు, రుణావేశమున్నవి మరోవైపు లాగబడి ఊగడం మొదలుపెడతాయి.

ఊగితే మళ్లీ మొదటి చోటికే రావాలిగా అనకండి. మీ చేతిలో చేటనే చూడండి. మీరు ఎగరేసేది పైకీ కిందకీ, పొట్టు పోయేది మాత్రం ముందుకి. మెల్లగా కదిపితే ఏమీ జరగదు, గట్టిగా చెరగాలి. స్ఫటికమూ అంతే. ఊపు బలంగా ఉంటే అది పక్క కదలికల మీద ఒత్తిడి తెచ్చి, పరమాణువుల్ని ఒకే దిక్కుకు జరుపుతుంది. దాంతో స్ఫటికం ఆకారమే మారుతుంది. వేడెక్కి సాగడం వేరు. వేడి అన్నిటినీ చిందరవందరగా కదుపుతుంది. ఇక్కడ శాస్త్రవేత్తలు ఎంచుకున్న ఒక్క ఊపునే తట్టిలేపుతున్నారు. నాకు బాగా నచ్చింది అదే.

స్ట్రాన్షియం టైటనేట్ అని ఒక స్ఫటికం ఉంది. ఒకప్పుడు నగల్లో వజ్రానికి బదులు పొదిగేవారు. బాగా చల్లబరిస్తే దానిలోని ధనావేశాలు ఒకవైపు, రుణావేశాలు మరోవైపు ఒరగబోతాయి, కానీ ఎంత చల్లబరిచినా పరమాణువుల్లో ఆగని క్వాంటమ్ వణుకు ఒరగనివ్వదు. 2019లో జర్మనీలోని హాంబర్గ్‌లో మాక్స్ ప్లాంక్ సంస్థవాళ్లు దాని మీద పరమాణువుల ఊపుకు లయ కలిసే బలమైన పరారుణ కాంతి మెరుపులు వేశారు. స్ఫటికం సాగింది, ఆవేశాలు ఒరిగాయి. వెలుగు ఆపేశాక కూడా గంటల తరబడి అలాగే ఉండిపోయాయి వదినా!