తేట నీళ్ల కబురు

రండి, ఇలా మంట దగ్గరికి జరగండి. సంక్రాంతి వెళ్లినా చలి వదల్లేదు. నిన్న సాయంత్రం పక్కింటి పిల్ల, ఎనిమిదో తరగతి చదువుతోంది, మా అరుగు మీద కూర్చుని "పరిశీలన, పరికల్పన, ప్రయోగం, నిర్ధారణ" అని ఎక్కాల్లా వల్లె వేస్తోంది. పరికల్పన అంటే ఏమిటమ్మా అని అడిగితే పుస్తకంలో వాక్యం గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది. నా మనసు చివుక్కుమంది. ఆ మాటల వెనక మన ఊళ్లున్నాయని దానికి ఎవరూ చెప్పలేదు. అందుకే నేనే చెప్పాను.

పొదిలి, దర్శి, కనిగిరి ఒకప్పుడు నెల్లూరు జిల్లాలోవి. ఆ మెట్ట ప్రాంతాల్లో పళ్ల మీద గోధుమరంగు చారలున్న పిల్లలు, వెన్ను కొయ్యబారి మెడ తిప్పలేని పెద్దలు ఉండేవారు. దున్నే ఎద్దులకీ కీళ్లు బిగుసుకుపోయేవి. అది రైతు కంటికి ఆనింది చూశారూ, పరిశీలన అంటే అదే. శాపమనుకుంటే అక్కడితో సరి, శాపాన్ని కొలవలేం. 'నీళ్లలో ఏదో ఉంది' అనుకుంటే మాత్రం బావి బావి నీళ్లూ తెచ్చి కొలవచ్చు. కొలిచాక తప్పని తేలినా తేలొచ్చు. అలా తేలడానికి చోటిచ్చే ఊహే పరికల్పన. 1937లో షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు ఇక్కడి రోగులను, నీళ్లను పరీక్షించి, కారణం ఫ్లోరైడ్ అని ప్రకటించారు.

అయితే ఆ నీళ్లు చూస్తే అద్దంలా ఉంటాయండీ! వరద నీళ్లు మడ్డిగా ఉంటే మన అమ్మమ్మలు కుండ లోపల చిల్లగింజ అరగదీసేవారు, మన్ను అడుక్కి దిగేది. తేలే మన్ను వేరు, కరిగిన ఫ్లోరైడ్ వేరు. నల్లగొండ లాంటి చోట్ల అది నేల కింది రాతి ఖనిజాల్లోంచే నీళ్లలో కరుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. తేట అంటే మంచిది అని మన నాలుకకి అలవాటైపోయింది గానీ, ఆ రెండు మాటల్నీ విడదీయాల్సిందే.

ఇదంతా విని పిల్ల ఠక్కున అంది: "కాచి తాగితే పోతుంది కదా, తాతయ్యా!"

చూశారా, పరికల్పన పుట్టింది. ఇక నేనాగలేదు. ఫ్లోరైడ్ ఇంట్లో లేదు కాబట్టి ఉప్పును దాని బదులు తీసుకున్నాం. రెండు గ్లాసుల నీళ్లలో చెంచాడు ఉప్పు కలిపించాను. ఒక గ్లాసు పక్కన మూత పెట్టి ఉంచాం, పోల్చుకోవడానికి. పుస్తకంలో 'నియంత్రణ' అన్నది ఆ గ్లాసునే. రెండోది గిన్నెలో పోసి ఇదే మంట మీద పెట్టాం. సగానికి ఇగిరాక చల్లార్చి రెండూ నాలుక మీద వేసుకుంది. కాచినవి రుచి చూడగానే మొహం ముడుచుకుంది. ఆవిరై పోయింది నీళ్లే, ఉప్పంతా గిన్నెలోనే ఉంది. ఫ్లోరైడూ అంతే, కాచితే చిక్కబడుతుంది.

మరెలా తీయాలంది. నాగపూరులోని నీరీ సంస్థ 1970లలో ఒక దారి చూపింది, దానికి పేరే నల్లగొండ పద్ధతి. నీళ్లలో కొలత ప్రకారం సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు వేసి కలియబెడతారు. విరిగిన పాలలా తెల్లటి తునకలు కడతాయి, ఫ్లోరైడ్‌ను పట్టుకుని మెల్లగా దిగుతాయి. గంట సేపు కదపకుండా ఉంచి పైతేట వంచుకోవాలి. కొలత తప్పితే పటికే మిగిలిపోతుంది, అందుకే కంటి అంచనా పనికిరాదు.

పిల్ల పుస్తకం మూసి లేచింది. గేటు దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చింది.

"తాతయ్యా, మన వీధి బోరు నీళ్లు ఎవరైనా కొలిచారా?"

సోమవారం ఇద్దరం సీసా కడుక్కుని వెళ్తున్నాం.